ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో సొంత ఐకాన్లు – 3వ పాఠం: అంచులు చెదిరిన బొమ్మను బాగుచేయడం

సాఫ్ట్‌వేర్ వ్యవస్థల నమూనాలు గీసే స్పార్క్స్ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో మామూలు డబ్బాల బదులు సొంత ఐకాన్లు పెట్టడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఎలిమెంట్‌ను (డయాగ్రమ్‌లోని డబ్బాను) ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, డబ్ల్యూ కలిపి నొక్కితే ఇమేజ్ మేనేజర్ తెరుచుకుంటుంది. అక్కడ బొమ్మను ఎంచుకుంటే సరి. తీరా డయాగ్రమ్‌లో చూస్తే సర్వర్ బొమ్మ అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్రింట్ తీస్తే ఇంకా అధ్వానం. ఇవాళ దాని సంగతి చూద్దాం.

ముందుగా ఐకాన్ ఫైల్‌ను విడిగా తెరిచి, దాని కొలత చూడండి. చాలాసార్లు అది 32×32 పీఎన్‌జీ (పిక్సెళ్లతో, అంటే రంగు చుక్కలతో చేసిన బొమ్మ ఫైల్) అయి ఉంటుంది. అంటే దానిలో ఉన్నవి 1,024 పిక్సెళ్లే. డయాగ్రమ్‌లో దాన్ని 96×96కి లాగితే 9,216 పిక్సెళ్లు కావాలి. ఒక్కో పాత పిక్సెల్ తొమ్మిదింటి చోటు నింపాల్సి వస్తుంది. కాగితం మీద ఈ లోటు ఇంకా పెద్దది: అంగుళానికి 300 చుక్కల ప్రింట్‌లో 2 సెంటీమీటర్ల ఐకాన్‌కు సుమారు 236 పిక్సెళ్ల వెడల్పు కావాలి.

ఇక్కడ చాలామంది ఆ ఫైల్‌నే పెయింట్‌లో 256కి పెంచి మళ్లీ ఎక్కిస్తారు. దాంతో ఒరిగేదేమీ లేదు. పిక్సెళ్ల లెక్క పెరుగుతుంది గానీ, లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది? అసలు బొమ్మ దగ్గరికే వెళ్లాలి. అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమ క్లౌడ్ సేవల ఐకాన్లను ఎస్‌వీజీగా (చుక్కలతో కాక గీతలతో చేసిన బొమ్మ ఫైల్‌గా) ఇస్తున్నాయి. వాటినే దించుకోండి. మీ సంస్థ సొంత చిహ్నమైతే, డిజైన్ చేసినవాళ్లను అసలు ఫైల్ అడగండి.

ఎస్‌వీజీలో ఉండేది గీతల లెక్క కాబట్టి ఎంత సాగదీసినా అంచు చెదరదు. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌లో ఆ గుణం నిలవాలంటే ఈఎమ్ఎఫ్‌గా (ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్, ఇదీ గీతల బొమ్మ ఫైలే) మార్చి ఎక్కించడం నమ్మకమైన దారి. ఎస్‌వీజీని, బొమ్మలు గీసేందుకు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో తెరవండి. బొమ్మ చుట్టూ ఖాళీ ఉంటే బొమ్మను ఎంచుకుని, పేజీని దాని కొలతకే కుదించండి. లేకపోతే డయాగ్రమ్‌లో ఐకాన్ చిన్నగా, ఒంటరిగా కనిపిస్తుంది. తర్వాత ‘సేవ్ యాజ్’లో ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్ ఎంచుకుని, అక్షరాలను పాత్‌లుగా (గీతలుగా) మార్చే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో కూడా అక్షరాలు మారకుండా ఉంటాయి.

ఒక చిక్కు ఉంది. రంగు మెల్లగా మారే గ్రేడియెంట్లు, పారదర్శకత ఈఎమ్ఎఫ్‌లో సరిగా నిలవవు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజ్యూర్ ఐకాన్లలో గ్రేడియెంట్లు ఎక్కువ. వాటి రంగులు మార్చి పాడుచేయడం కన్నా, ఎస్‌వీజీ నుంచే 512 పిక్సెళ్ల పీఎన్‌జీ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ఒకే రంగు గీతల ఐకాన్లకు మాత్రం ఈఎమ్ఎఫ్‌కు సాటి లేదు.

ఎక్కించేటప్పుడు ‘యాడ్ న్యూ’ జోలికి పోకండి. అలా చేస్తే పాత బొమ్మ పెట్టిన ప్రతి ఎలిమెంట్‌నూ చేత్తో మార్చుకోవాలి. ఇమేజ్ మేనేజర్‌లో పాత బొమ్మను ఎంచుకుని ‘అప్‌డేట్ సెలెక్టెడ్’ నొక్కండి. అది వాడిన చోటల్లా కొత్తది వచ్చేస్తుంది. టీమంతా ఒకే రిపాజిటరీలో (డయాగ్రమ్‌లు దాచే ఉమ్మడి చోటులో) పనిచేస్తుంటే వాళ్ల డయాగ్రమ్‌లలోనూ మారుతుంది కనుక ముందే ఒక మాట చెప్పండి.

తెర మీద తేటగా ఉండి వర్డ్‌లో అతికించాక మసకబారితే తప్పు ఐకాన్‌ది కాదు. ప్రిఫరెన్సెస్‌లో క్లిప్‌బోర్డ్ ఫార్మాట్ మెటాఫైల్ అని ఉందో లేదో చూసుకోండి.

అభ్యాసం: ఒకే ఐకాన్‌ను 32 పిక్సెళ్ల పీఎన్‌జీగా, ఈఎమ్ఎఫ్‌గా రెండు ఎలిమెంట్లకు పక్కపక్కన పెట్టి, రెండింటినీ సమానంగా పెద్దవి చేసి, ప్రింట్ తీసి చూడండి. వచ్చే పాఠంలో బొమ్మ ఫైలే అక్కర్లేకుండా షేప్ స్క్రిప్ట్‌తో (ఆకారం గీయమని రాసే చిన్న కోడ్‌తో) ఐకాన్ గీద్దాం. అందులో ఎలిమెంట్ ఎంత పెద్దదైనా కొలతలన్నీ శాతాల్లో, 0 నుంచి 100 లోపే ఉంటాయి.