వానాకాలంలో ప్యాసింజర్ రైలును నమ్ముకున్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన సీమకు ఈశాన్య రుతుపవనాల వానలు. కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మధ్య రోజూ రైల్లో తిరిగే ఉద్యోగులకూ పిల్లలకూ ఇది గడ్డుకాలం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నందలూరు, రాజంపేట మధ్య రైలు కట్ట కోతకు గురైంది. అక్కడ లైను తెగితే ఇక్కడ బండ్లు ఆగిపోయాయి. కాబట్టి మన ఊళ్లో ఎండ కాస్తోంది కదా అని ధీమాగా స్టేషన్‌కు బయలుదేరకండి.

వాన ఒక్కటే కాదు, డబ్లింగ్ (రెండో లైను వేసే) పనులకూ, యార్డులో సిగ్నల్ మార్పులకూ బండ్లు ఆపుతారు. ఈ సంగతి ముందే చెబుతారు, పేపర్లో జిల్లా పేజీలో మూలన వస్తుంది. అందులో 'పాక్షిక రద్దు' అన్న మాట చూడగానే ఆగి చదవండి. చాలామంది ఇబ్బంది పడేది దీనితోనే. గుంతకల్లు వెళ్లాల్సిన బండిని గుత్తిలోనే ఆపేశారనుకుందాం. తిరుగు బండి కూడా గుత్తి నుంచే బయలుదేరుతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద రాని బండి కోసం చూస్తూ కూర్చుంటారు. పైగా చాలాచోట్ల పొద్దున వెళ్లిన పెట్టెలే సాయంత్రం తిరిగొస్తాయి. పొద్దున బాగా లేటైతే సాయంత్రం మీద కూడా ఆశ తగ్గించుకోవాలి. ఇల్లు కదిలే ముందు 139కి ఫోన్ చేయండి, లేదా రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్ చూడండి.

బండి వస్తోందని తేలాకే టికెట్ తీసుకోండి. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకుంటే 3 గంటల్లోపు గానీ, ఆ తర్వాత వచ్చే మొదటి బండికి గానీ ప్రయాణం మొదలుపెట్టాలి. ప్యాసింజర్ రద్దయిందని అదే టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి, కౌంటర్లో తేడా కట్టండి. సీజన్ టికెట్ ఉన్నా స్లీపర్ బోగీలోకి వెళ్లకూడదు. సూపర్‌ఫాస్ట్‌కు అదనపు చార్జీ విడిగా కట్టి ఉండాలి. కౌంటర్లో తీసుకున్న వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తోనూ స్లీపర్లో కూర్చోనివ్వరు. పట్టుబడితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు కట్టాలి. నెలాఖరులో ఆ డబ్బు ఎవరికైనా బరువే.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫాం మారిందని అనౌన్స్ చేస్తే పట్టాల మీదికి దూకకండి. బ్యాగు తగిలించుకుని, తడి రాళ్ల మీద కాలు జారుతూ పరుగెత్తే పిల్లల్ని చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. చట్టం ప్రకారం అది నేరం కూడా: 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బండి పోతే పోనివ్వండి.

పరీక్ష, ఇంటర్వ్యూ, ఆసుపత్రి పని ఉన్న రోజు ప్యాసింజర్ మీద ఆధారపడొద్దు. డోన్ నుంచి కర్నూలుకైనా, గుత్తి నుంచి అనంతపురానికైనా ఆర్టీసీ బస్సు టైములు ముందు రోజే కనుక్కోండి.

రిజర్వేషన్ ఉన్న బండి 3 గంటలకు మించి లేటై మీరు ఎక్కకపోతే, డబ్బు పూర్తిగా తిరిగిస్తారు. అయితే ఈ-టికెట్‌కు మీ స్టేషన్ నుంచి బండి కదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) పెట్టాలి.