ఏ బొమ్మల సెట్టు గొప్పదో తేల్చే ఓటింగు ఎలా పెట్టాలి?

సంక్రాంతి సెలవులకి పార్వతీపురం, విజయనగరం నుంచి చుట్టాల పిల్లలు ఒడిశాలోని రాయగడలో రైలు దిగగానే మా వీధి అరుగుల మీద తగువు మొదలవుతుంది. ముక్కలు కలిపి ఇల్లో, రైలో కట్టుకునే ఆట పెట్టెల్లో, అంటే కట్టుడు సెట్లలో, ఎవరిది గొప్పది? ఏడేళ్లుగా ఆ తగువుని ఓటింగుగా మార్చే పని నాదే. చేతులెత్తించి, లెక్కపెట్టేసి, గెలిచింది ఇదేనని ప్రకటించే పెద్దవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పెద్దపిల్లాడి చెయ్యి ఎటు లేస్తే చిన్నపిల్లల చేతులన్నీ అటే లేస్తాయి. అది ఓటు కాదు.

కావలసినవి కొద్దే. సెట్టుకొక బిస్కెట్ డబ్బా, దాని మూతకి చీలిక, పైన సెట్టు బొమ్మ. ఎరుపు, పసుపు, తెలుపు కాగితాలు, కొన్ని కవర్లు, ఒక గుడ్డసంచి, బోలెడు చింతపిక్కలు.

ముందు సెట్లు ఎంచండి. అయిదుకి మించొద్దు. అక్కడున్న పిల్లల్లో ఒక్కరైనా పూర్తిగా కట్టిన సెట్టే పోటీకి రావాలి. పెట్టె మీది బొమ్మ చూసి ముచ్చటపడ్డది పనికిరాదు. చిల్లుల పట్టీలని నట్లు, బోల్టులతో బిగించే మెకానిక్స్ లాంటివి ఒక పోటీ, నొక్కితే పట్టుకునే లెగో ప్లాస్టిక్ ఇటుకలు వేరే పోటీ. రెండూ కలపకూడదు. 1901లో లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ పేటెంటు తీసుకున్న చిల్లుల పట్టీల ఆట స్పానరు పట్టే చేతికి పని చెబుతుంది. 1958లో పేటెంటుకి దరఖాస్తు పెట్టిన లెగో ఇటుక వేళ్ల కొసలకి పని చెబుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పంటే పిల్లలేం చెబుతారు?

తర్వాత వాదన. సెట్టుకి రెండు నిమిషాలు, కట్టినవాళ్లే మాట్లాడాలి. ధర ఎత్తకూడదు, ముక్కల సంఖ్యా ఎత్తకూడదు. లెగో ప్రపంచ పటం సెట్టులో 11,695 ముక్కలున్నాయి, టైటానిక్ ఓడలో 9,090. పటం గోడకి తగిలించేది, ఓడ మూడు భాగాలుగా విడదీసి లోపల చూసేది. సంఖ్యతో వాటికి పోలికేమిటి? ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి ఆరు ఉంటే 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితజ్ఞులు లెక్కకట్టారు. అందుకే నేను ప్రతి ఒక్కరినీ అడిగేది ఒకటే: "విప్పాక రెండోసారి ఏం కట్టావు?" ఒకమ్మాయి ఇల్లు కట్టే సెట్టు విప్పి, దారం కట్టి, నాగావళి మీది వేలాడే వంతెన చేసి తెచ్చింది. ఆ సెట్టు గురించి అంతకంటే చెప్పేదేముంది?

ఇక ఓటు. అందరూ పాడుచేసేది ఇక్కడే, నిదానంగా చదవండి.

ఒక్కొక్కరికి ఒక్క ఓటే ఇస్తే ఏమవుతుందో చూడండి. ఓటర్లు 25 మంది. కోటకి 10, రైలుకి 8, క్రేనుకి 7. కోట గెలిచింది. కానీ మిగతా 15 మందికీ కోట ఆఖరి ఇష్టం! రైలు, క్రేను ఓట్లు చీల్చుకున్నాయి, అంతే. అందుకని మొదటి ఇష్టానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 పిక్క ఇవ్వాలి. కోటవాళ్లకీ, క్రేనువాళ్లకీ రెండో ఇష్టం రైలు, రైలువాళ్లకి క్రేను అనుకుందాం. అప్పుడు కోటకి 45, క్రేనుకి 47, రైలుకి 58. ఫ్రాన్సులో జాన్ షార్ల్ ద బోర్డా అనే గణితజ్ఞుడు 1770లో ప్రతిపాదించిన పద్ధతి ఇలాంటిదే.

వరుస అంకెలు కాగితం మీద రాయించకండి. మా దగ్గర తెలుగింటి పిల్లలే కొందరు ఒడియా మీడియంలో చదువుతారు. ఒడియా నాలుగు మన కళ్లకి ఎనిమిదిలా ఉంటుంది. ఒక ఏడాది దానివల్లే ఫలితం తారుమారై ఇద్దరు అన్నదమ్ములు రెండు రోజులు మాట్లాడుకోలేదు. చింతపిక్కకి ఏ లిపీ అక్కర్లేదు.

అలాగని పిక్కలు విడిగా చేతికివ్వొద్దు, ఆరూ ఒకే డబ్బాలో పోసేస్తారు. మూడు పిక్కలు ఎర్ర పొట్లంలో, రెండు పసుపులో, ఒకటి తెల్లదానిలో కట్టండి. మూడు పొట్లాల మీదా ఒకే నంబరు మీరే ముందుగా రాసి, కవర్లో పెట్టి, కవర్లన్నీ సంచిలో వేసి, పిల్లల్ని చూడకుండా తీసుకోమనండి. ఏ నంబరు ఎవరిదో మీకూ తెలియదు. ఒకే డబ్బాలో ఒకే నంబరు రెండు పొట్లాలు కనిపిస్తే తక్కువ పిక్కలున్నది తీసి పక్కన పెట్టండి.

ఇంకో ప్రమాదం. వాదన అవ్వగానే ఓటు వేయించాలి, మధ్యలో టిఫిన్ల విరామం వద్దు. విరామంలో గుంపులు కట్టి, గట్టి పోటీ ఇచ్చే సెట్టుకి ఒక్క పిక్క కూడా వెయ్యకూడదని ఒట్లు పెట్టుకుంటారు. ఈ పద్ధతికున్న పెద్ద బలహీనత అది.

ఫోనులో పోల్ పెట్టేస్తే సులువు కదా అని ఏటా ఎవరో ఒకరు అంటారు. ఆ సెట్టు చేత్తో పట్టని బాబాయి బరంపురం నుంచి మేనల్లుడి కోసం ఓటేస్తాడు. అభిమానులు తమ నమూనాలు పెట్టే కంపెనీ వెబ్‌సైటు లెగో ఐడియాస్‌లో ఒక నమూనాకి 10,000 మంది మద్దతు దొరికినా అది పరిశీలనకి వెళుతుందే గానీ నేరుగా తయారీకి వెళ్లదు. కంపెనీవాళ్లు చూసి తేల్చాల్సిందే. మరి మన అరుగు మీద కట్టి చూడకుండా తీర్పెలా?

లెక్క అందరి ముందూ చెయ్యండి. మొత్తం పిక్కలు ఓటర్ల సంఖ్యకి ఆరు రెట్లుండాలి, 25 మందైతే 150. పక్కన పెట్టినవీ ఇందులో కలపాలి. తక్కువైతే డబ్బాల అడుగు వెతకండి. సమానమైతే ఎర్ర పొట్లాలు ఎక్కువ వచ్చింది గెలిచినట్టు. అవీ సమానమైతే ఆ రెంటికే మళ్లీ ఓటు. అన్ని సెట్ల లెక్కా చదవండి, ఆఖరుదానితో సహా.

గెలిచిన సెట్టుని అక్కడే విప్పి, కొత్తగా ఏదైనా కట్టమని ఓడిన సెట్టువాళ్లకి ఇవ్వండి. చీకటి పడేలోగా ముక్కలు లెక్కపెట్టి పెట్టెలో వేయించండి.