వార్డు రోడ్డుకు కౌన్సిల్ తీర్మానం అయ్యాక ఏం చేయాలి?

మున్సిపల్ కౌన్సిల్ సాధారణ సమావేశం జరిగిన మరునాడు జిల్లా పేజీలో వచ్చే వార్త ఏ ఊరిదైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది: ఇన్ని అంశాలకు ఆమోదం, ఒకటి రెండింటిపై వాగ్వాదం, చివర ఒక వాకౌట్. ఆమోదం పొందిన వాటిలో తమ వీధి సీసీ రోడ్డు ఉందని తెలిసి జనం సంతోషిస్తారు. ఏడాది గడిచినా కంకర లారీ రాకపోతే కౌన్సిలరును తిట్టుకుంటారు. నిజానికి తీర్మానం చాలా సందర్భాలలో పరిపాలనా అనుమతి మాత్రమే, అంటే ఫలానా పనిని ఫలానా పద్దు నుంచి ఇంత ఖర్చుతో చేపట్టవచ్చని పాలకవర్గం ఒప్పుకోవడం. ఆ తర్వాత సాంకేతిక మంజూరు (అంచనా సరిగా ఉందని ఇంజినీరింగ్ అధికారి ఇచ్చే ఆమోదం), టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు అనే మెట్లన్నీ మిగిలే ఉంటాయి, వాటిలో ఏ మెట్టు దగ్గరైనా ఫైలు ఆగవచ్చు. ఆ ఫైలును సామాన్య పౌరుడు మొదటి నుంచి చివరి దాకా ఎలా వెంబడించవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలులోని 18 అంశాలలో రోడ్లు, వంతెనలు కూడా ఉన్నాయి గనుక పట్టణంలోని వీధులు పురపాలక సంఘం బాధ్యతే. అయితే ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు తరచుగా ఆర్ అండ్ బీ శాఖదో, జాతీయ రహదారుల సంస్థదో అయి ఉంటుంది. అలాంటి రోడ్డు మీద గుంతల గురించి మున్సిపల్ కమిషనరుకు పది అర్జీలు ఇచ్చినా అవి మరో కార్యాలయానికి పంపబడతాయే తప్ప తీర్మానం కావు.

అర్జీని కమిషనరు పేరిట రాసి, ప్రతిని వార్డు కౌన్సిలరుకు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీకి ఇంకొక ప్రతి ఇస్తే మేలు, ఎందుకంటే కొలతలు తీసుకోవడానికి మొదట వచ్చేది చాలా చోట్ల ఆయనే. తెలంగాణలో 2019 నాటి మున్సిపల్ చట్టం ప్రకారం ఏర్పడే వార్డు కమిటీలలో మీకు తెలిసినవారు ఉంటే వారి సంతకం కూడా తీసుకోవచ్చు. అర్జీలో ఆవేదన కంటే కొలతలు ఎక్కువ ఉండాలి: వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, పొడవు ఎన్ని మీటర్లు, వెడల్పు ఎంత, రెండు వైపులా కాలువ ఉందా, ఎన్ని ఇళ్లున్నాయి, వాన నీరు ఎటు పోతుంది. ఇచ్చిన కాగితానికి ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకున్న రసీదు లేకుండా కార్యాలయం నుంచి బయటికి రాకూడదు. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి, బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యే చలికాలంలోనే అర్జీ ఇచ్చినవారికి ఎంతో కొంత మొగ్గు ఉంటుంది.

అర్జీ కదిలి, ఇంజినీరింగ్ విభాగం అంచనా వేసి, అంశం అజెండాకు ఎక్కిందనుకుందాం. అజెండాలో అది దాదాపు ఈ ధోరణిలో ఉంటుంది: ‘14వ వార్డులో ఫలానా వారి ఇంటి నుండి రామాలయం వరకు సీసీ రోడ్డు నిర్మాణమునకు అంచనా మొత్తం రూ. 9.80 లక్షలు సాధారణ నిధుల నుండి, నిధుల లభ్యతకు లోబడి, ఖర్చు చేయుటకు కౌన్సిల్ వారి ఆమోదము కొరకు.’ ఈ ఒక్క వాక్యంలో మూడు చోట్ల ఆగి చదవాలి.

మొదటిది ‘ఫలానా వారి ఇంటి నుండి’ అన్న భాగం. మా వీధి విషయంలో నేను దెబ్బ తిన్నది ఇక్కడే. తీర్మానంలో రాసిన ఇంటి పేరు గలవారు మా వార్డులోనే ఇద్దరు ఉన్నారు, వారిలో ఒకరు అప్పటికే ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. రోడ్డు రెండో ఆయన ఇంటి ముందు పడింది. వెళ్లి అడిగితే కాగితం ప్రకారం పని పూర్తయిందన్నారు, అదీ అబద్ధం కాదు. అప్పటి నుంచి నేను అర్జీలోనే వీధి రెండు చివరల డోరు నంబర్లూ, దగ్గరలోని విద్యుత్ స్తంభాల నంబర్లూ రాసి, అంచనాలో కూడా అవే ఉండాలని అడుగుతున్నాను. స్తంభం నంబరుకు ఇంటి పేరుతో వచ్చే తకరారు ఉండదు.

రెండవది పద్దు. ‘సాధారణ నిధులు’ అంటే ఆస్తి పన్ను, ఇతర రుసుములతో మున్సిపాలిటీ స్వయంగా కూడబెట్టుకున్న సొమ్ము; జీతాలు, పారిశుద్ధ్యం, కరెంటు బిల్లులు పోగా అందులో రోడ్లకు మిగిలేది చిన్న ఊళ్లలో చాలా తక్కువ. ఆర్థిక సంఘం నిధులంటే డబ్బు సిద్ధంగా ఉందనుకోవడమూ తొందరపాటే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకు ముడిపెట్టింది. రోడ్డు వేయాలంటే మిగిలిన 40 శాతంలో నుంచే తీయాల్సి వచ్చేది, ఆ భాగం కోసం ప్రతి వార్డూ పోటీ పడేది. ఎమ్మెల్యే, ఎంపీ నిధుల నుంచి వచ్చే పనికి మంజూరు కలెక్టరు కార్యాలయం వైపు నుంచి రావలసి ఉంటుంది గనుక అక్కడ కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు. పద్దు పేరే రాయకుండా ‘సంబంధిత నిధుల నుండి’ అని వదిలేసిన తీర్మానం కనిపిస్తే, దాని మీద ఆశ పెట్టుకోవద్దనే నా సలహా.

మూడవది ‘నిధుల లభ్యతకు లోబడి’ అన్న మాట. ఆ మూడు మాటల తోక తగిలిన తీర్మానం తలుపు తీసి పెట్టిందే గాని లోపలికి పిలవలేదు. అది కనిపించినప్పుడు వెంటనే చేయవలసిన పని, ఆ పద్దులో ఈ ఏడాది ఎంత జమ అయిందో, అంతకుముందే ఆమోదం పొంది వరుసలో ఉన్న పనుల విలువ ఎంతో రాతపూర్వకంగా అడగడం.

తీర్మానం చివర ఉండే క్రియాపదమూ ముఖ్యమే. ‘ఆమోదించడమైనది’ అంటే సరే. ‘పరిశీలనకు పంపడమైనది’ అన్నా, ‘వాయిదా వేయడమైనది’ అన్నా మన వీధికి ఏమీ జరగలేదని అర్థం. మర్నాటి పత్రికల్లో ఇవన్నీ కలిసి ‘అన్ని అంశాలపై చర్చ’ అయిపోతాయి కాబట్టి వార్తను నమ్ముకోకుండా మినిట్స్ (సమావేశంలో ఏం తీర్మానించారో రాసిన నమోదు) నకలు తెచ్చుకోవాలి. ముందుగా పంచిన అజెండాలో లేకుండా సమావేశం రోజున సభ్యుల ముందు పెట్టే టేబుల్ అజెండా అంశాలు కూడా ఆ నకలులోనే కనిపిస్తాయి. సభ్యులకు చదివే వ్యవధి కూడా లేకుండా ఆమోదం పొందే పనులు కొన్నిసార్లు వాటిలోనే ఉంటాయి. పాలకవర్గం పదవీకాలం ముగిసి ఎన్నికలు జరగని కాలంలో ప్రత్యేక అధికారి కౌన్సిల్ స్థానంలో ఉంటారు గనుక, అప్పుడు తీర్మానానికి బదులు ఆయన ఉత్తర్వు నకలు అడగాలి. కార్పొరేషన్లలో అయితే పని విలువను బట్టి కొన్ని అంశాలు స్టాండింగ్ కమిటీలోనే తేలిపోతాయి. కౌన్సిల్ మినిట్స్‌లో ఎంత వెతికినా దొరకని పనిని అక్కడ చూడాలి.

నకళ్లు మాటతో రావు. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాలి. ‘మా రోడ్డు ఎందుకు వేయలేదు?’ అని అడిగితే, అది సమాచారం కాదని తోసిపుచ్చడానికి అధికారికి వీలు కలుగుతుంది. దానికి బదులు ఇలా రాయవచ్చు: ‘ఫలానా తేదీ కౌన్సిల్ సమావేశపు తీర్మానం సంఖ్య ఇంతకు సంబంధించి, ఆమోదించిన అంచనా, సాంకేతిక మంజూరు ఉత్తర్వు, టెండరు నోటీసు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (కొలతల పుస్తకం)లోని సంబంధిత పేజీల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు. వీటిలో ఏదైనా నేటికి తయారు కాకపోతే ఆ విషయాన్ని తెలుపగలరు.’ ఫైలు ఏ మెట్టు దగ్గర ఆగిందో ఆ చివరి వాక్యమే చెబుతుంది. ముప్పై రోజులలో సమాధానం రాకపోతే, లేదా వచ్చింది అసంపూర్ణంగా ఉంటే, మరో ముప్పై రోజులలోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. అదే చట్టంలోని 2(జె) సెక్షను ప్రకారం పౌరుడు రికార్డులనే కాదు, పనిని కూడా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసిన గుత్తేదారు మాత్రం ఆ దరఖాస్తు పడిందని వినగానే జాగ్రత్త పడతాడు.

టెండరు దశలో వీధివారు చేయగలిగింది కొద్దే. ఒకే వీధి పనిని రెండు మూడు చిన్న అంచనాలుగా విడగొట్టి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, ఇచ్చేశారా అన్నది చూసుకోవాలి. అంచనా కంటే బాగా లెస్‌కు (తక్కువ రేటుకు) పాడిన గుత్తేదారు ఆ తేడాను ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలనుకుంటాడన్నది గుర్తుంచుకుని, అలాంటి పని మీద కన్ను మరింత గట్టిగా ఉంచాలి.

పని మొదలు కాకముందు ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: ఈ వీధిలో తాగునీటి పైపు గాని భూగర్భ డ్రైనేజీ గాని రాబోతోందా? 2021లో మొదలైన అమృత్ 2.0 కింద చాలా పట్టణాలలో కొత్త పైపులైన్లు పడుతున్నాయి. రోడ్డు ఒక విభాగం, పైపు మరొక విభాగం చూసుకునే చోట, ఉగాదికి వేసిన సీసీని దసరాకు తవ్వడం మనకు కొత్త కాదు. పైపు రాబోతోందని తెలిస్తే రోడ్డు ఆరు నెలలు ఆలస్యమైనా ఒప్పుకోవడమే లాభం. కాలువ లేని వీధిలో కాలువే ముందు కట్టమని పట్టుబట్టాలి. పాత సీసీని తీయకుండా దాని మీదే కొత్తది పోస్తే రోడ్డు మట్టం పెరిగి, మొదటి పెద్ద వానకే నీళ్లు వాకిళ్లు దాటి ఇళ్లలోకి వస్తాయి. పాత పొర తొలగింపు అంచనాలో ఒక ఐటెమ్‌గా ఉందో లేదో చూడాలి.

ఇక పని జరిగే రోజు. అంచనా నకలు చేతిలో ఉంటే లెక్క సులభం. 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని అందులో ఉంటే కాంక్రీటు 72 ఘనపు మీటర్లు కావాలి. ఆరు ఘనపు మీటర్లు పట్టే మిక్సర్ లారీలయితే పన్నెండు రావాలి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎవరైనా ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టగలరు. లారీ తొమ్మిది సార్లే వచ్చి వీధి నిండిందంటే మందం తగ్గినట్టే. మందాన్ని అంచు దగ్గర కొలిచి తృప్తి పడవద్దు, ఎందుకంటే అంచున కాంక్రీటు ఆగడానికి బిగించిన పలక ఎత్తు కనబడుతుంది కాబట్టి అక్కడ సరిగానే పోస్తారు. తేడా వచ్చేది నడుమ భాగంలో. అందుకే కాంక్రీటు పడకముందే వీధికి అడ్డంగా, పలకల పైఅంచు నుంచి పైఅంచుకు దారం లాగి, నడుమ దారం నుంచి నేల దాకా స్కేలు పెట్టి చూడాలి. పోసే సమయంలోనే ఘనాకారపు అచ్చులలో నమూనాలు తీస్తున్నారా అని అడగాలి. వాటిని 7 రోజులకూ, 28 రోజులకూ పరీక్షించి బలం చూస్తారు. పోసిన మరుసటి రోజు నుంచి చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపడం కూడా గుత్తేదారు పనే. చాలా వీధుల్లో రెండో రోజే ఆ నీళ్లు మాయమై, ఇళ్లవాళ్లు తమ పంపు నీళ్లు పోసుకోవడం చూస్తుంటాం. పోయడం తప్పని కాదు గాని, ఆ సంగతి ఫొటోతో సహా అసిస్టెంట్ ఇంజినీరుకు రాసి పోయాలి.

అన్నట్టు, 9.80 లక్షల అంచనా అంటే అంత డబ్బుకూ సిమెంటు, కంకర రావు. అందులో 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సంక్షేమ సెస్ వంటివి కలిసి ఉంటాయి. ‘పది లక్షలు తిని ఇంత రోడ్డేనా’ అని గొడవకు దిగే ముందు అంచనాలోని సివిల్ పని విలువను విడిగా చూసుకుంటే మన మాటకు బలం ఉంటుంది.

పని పూర్తయ్యాక అసిస్టెంట్ ఇంజినీరు కొలతలను ఎం-బుక్‌లో నమోదు చేస్తారు, పై అధికారి సరిచూస్తారు, ఆ తర్వాతే బిల్లు కదులుతుంది. మీరు టేపుతో కొలిచిన పొడవు 112 మీటర్లు ఉండి పుస్తకంలో 120 కనిపిస్తే, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి కమిషనరుకు రాయాలి, ప్రతిని సోమవారం జరిగే కలెక్టరు ప్రజావాణిలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలోనో ఇవ్వాలి. బిల్లు చెల్లించకముందు అందిన అర్జీకీ, చెల్లించాక అందిన అర్జీకీ చాలా తేడా ఉంటుంది. అందుకే కొలతలను పని ముగిసిన వారంలోనే తీసుకోవాలి.

అగ్రిమెంటులో లోపాల బాధ్యతా కాలం ఎంతో రాసి ఉంటుంది. ఆ కాలంలో పగుళ్లు వచ్చినా, పైపొర లేచిపోయినా గుత్తేదారే సొంత ఖర్చుతో బాగు చేయాలి, అందుకు హామీగా అతని డిపాజిట్టు కార్యాలయం దగ్గర ఉంటుంది. ఆ గడువు ముగిసే తేదీని వీధిలో ఒకరు తమ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, దానికి రెండు నెలల ముందు ఒక ఆదివారం వీధంతా నడిచి, ప్రతి పగులునూ దగ్గరి డోరు నంబరుతో సహా రాసుకుని, డిపాజిట్టు విడుదల చేయకముందే మరమ్మతు చేయించమని ఇన్‌వార్డు నంబరు పడేలా చివరి అర్జీ ఇవ్వాలి.