గ్లూటెన్ లేని మాంసం: స్వయంబోధిని. 4వ పాఠం: మాంసం కొట్టులో కీమా మిషన్

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) గింజల్లో ఉండే ప్రోటీన్. ముందుగా 3వ పాఠం అభ్యాసానికి జవాబులు. నాలుగు లేబుళ్ళు ఇచ్చి, గ్లూటెన్ పడనివాళ్ళు వీటిలో ఏవి తినొచ్చో చెప్పమన్నాం కదా.

"పంది మాంసం, నీరు, ఉప్పు, డెక్స్‌ట్రోజ్, సోడియం నైట్రైట్": తినొచ్చు. అందరూ తడబడేది డెక్స్‌ట్రోజ్ దగ్గరే. అది ఒక రకం చక్కెర. గోధుమ స్టార్చ్ నుంచి తీసినా శుద్ధి చేసేటప్పుడు ప్రోటీన్ దాదాపు పూర్తిగా పోతుంది.

"గొర్రె మాంసం, మాల్ట్ వినెగర్, మిరియాలు": వద్దు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ.

"చేప గుజ్జు, స్టార్చ్, గుడ్డు తెల్లసొన": ఇదీ వద్దు. పీత మాంసంలా కనబడేట్టు చేసే ఈ ముద్దల్లో గోధుమ స్టార్చ్ వాడటం మామూలు. ఏ స్టార్చో రాయకపోతే గోధుమదే అనుకోండి.

"కోడి రొమ్ము, ఉప్పునీటి ద్రావణం 12 శాతం వరకు, సహజ రుచులు": తయారీదారును అడిగాకే. అడిగేటప్పుడు గోధుమ, బార్లీ, రై అని మూడు పేర్లూ చెప్పండి. కొన్ని దేశాల చట్టంలో అలెర్జీ హెచ్చరిక గోధుమకే తప్పనిసరి, బార్లీకీ రైకీ కాదు. అందుకే "గోధుమ ఉంది" అన్న మాట లేబుల్ మీద లేనంత మాత్రాన గ్లూటెన్ లేదని తేలదు.

ఇక ఈ పాఠం. లేబులే లేని మాంసం సంగతి.

పచ్చి మాంసంలో గ్లూటెన్ ఉండదు. పశువుకు గోధుమ దాణా పెట్టినా అది పొట్టలో జీర్ణమైపోతుంది, కండలోకి చేరదు. కాబట్టి కోసింది మొదలు మీ గిన్నెలో పడేదాకా ఆ మాంసాన్ని ఏమేం తాకాయో అదొక్కటే ఆరా తీయాలి. అక్కడ అన్నిటికన్నా ప్రమాదమైనది కీమా మిషన్.

మిషన్‌లో పైన తొట్టి, లోపల మాంసాన్ని ముందుకు నెట్టే మెలికల ఇరుసు, దాని చివర బ్లేడు, బ్లేడుకు ఆనుకుని చిల్లుల పళ్ళెం, అన్నిటినీ పట్టి ఉంచే బిగింపు రింగు ఉంటాయి. మాంసం వేయడం ఆపగానే లోపలంతా ఖాళీ అవుతుందనుకుంటాం. అవదు. ఇరుసు మెలికల్లో, బ్లేడు వెనక, పళ్ళెం చిల్లుల్లో కొంత మాంసం మిగిలిపోతుంది. తర్వాత వేసిన మాంసమే దాన్ని బయటికి తోస్తుంది. అంటే ముందు వచ్చినవాళ్ళ మాంసంలో కొంత మీ పొట్లంలోకి వస్తుంది. ముందు పట్టింది ఉత్త మాంసమే అయితే నష్టం లేదు. సాసేజ్ మిశ్రమం అయితే అందులో రస్క్ పొడో బ్రెడ్ పొడో ఉండే అవకాశం ఎక్కువ. తేమను పట్టి ఉంచడానికి, ముద్ద విడిపోకుండా ఉండటానికి దాన్ని కలుపుతారు.

లెక్క వేసి చూద్దాం. మిషన్‌లో 30 గ్రాముల సాసేజ్ మిశ్రమం మిగిలిందనుకోండి. అందులో రస్క్ 5 శాతమైతే 1.5 గ్రాములు. గోధుమ పిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్ ఉంటుంది. రస్క్‌కూ అదే లెక్క కడితే 150 మిల్లీగ్రాములు. మీరు 1 కిలో కీమా కొట్టించుకుంటే, అది సమంగా కలిసినా కిలోకు 150 మి.గ్రా. "గ్లూటెన్ లేనిది" అని అమ్మడానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ఒప్పుకునే హద్దు కిలోకు 20 మి.గ్రా. అంటే ఏడు రెట్లకు పైనే. పైగా అది సమంగా కలవదు. ఎక్కువ భాగం ముందు రాలిన పావు కిలోలోనే ఉంటుంది. సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకు రోజుకు 50 మి.గ్రా. చొప్పున 90 రోజులు గ్లూటెన్ ఇచ్చి చూసిన 2007 నాటి పరిశోధనలో పేగు లోపలి పొర దెబ్బతిన్నట్టు తేలింది. చిటికెడు పిండికి ఇంత పట్టింపు ఎందుకని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

"మొదట పడ్డ గుప్పెడు పారేసి మిగతాది తీసుకుంటే చాలదా?" అని అడుగుతారు. చాలదు. లోపలి గోడలకు పట్టిన కొవ్వు పూత విడవకుండా పిండిని పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. రింగు విప్పి, భాగాలన్నీ బయటికి తీసి, సబ్బు వేసిన వేడినీళ్ళతో, చిల్లుల్లోకి బ్రష్ పోనిచ్చి కడిగితేనే శుభ్రం. క్రిములను చంపే ద్రవం చల్లి తుడిస్తే క్రిములు చస్తాయేమో గానీ గ్లూటెన్ అక్కడే ఉంటుంది. వంట వేడికీ అది పోదు.

కొట్టులో "ఇందులో గ్లూటెన్ ఉందా?" అని అడక్కండి. "మాంసంలో అదెందుకుంటుందండీ" అంటారు. ఆయన చెప్పింది నిజమే, మీకు కావలసిన జవాబు మాత్రం అది కాదు. పని ఎలా జరుగుతుందో అడగండి:

"ఈ మిషన్‌లో సాసేజ్ మిశ్రమం గానీ బ్రెడ్ పొడి కలిపినవి గానీ పడతారా?"
"చివరిసారి విప్పి కడిగింది ఎప్పుడు? ఆ తర్వాత ఏం పట్టారు?"
"పొద్దున మొదట ఏది పడతారు?"

మూడిటికీ తడుముకోకుండా జవాబొస్తే ఆ కొట్టును నమ్మొచ్చు. రాత్రి విప్పి కడిగి, పొద్దున ఉత్త మాంసంతో మొదలుపెట్టే చోట తెరవగానే వెళ్ళండి. "ఏం కాదులెండి" అన్న ఒక్క మాటతో సరిపెడితే కీమా వద్దు, ముక్కే తీసుకోండి.

ముక్క తీసుకోవడం తేలిక. లోపల చల్లగదిలో ఉన్న, ఇంకా విప్పని పెద్ద ముక్కను కోసిమ్మనండి. కత్తి, చెక్క కడిగి, గ్లౌజులు మార్చమనండి. ఎదురుగా అద్దాల పెట్టెలో పెట్టినవి వదిలేయండి. అక్కడ సోయా సాస్ పట్టించినవీ బ్రెడ్ పొడి అద్దినవీ పక్కపక్కనే ఉంటాయి, పట్టకార ఒక్కటే ఉంటుంది. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఎముకలు కోసే రంపంతో భయం తక్కువ. దాని కిందికి వచ్చేది దాదాపుగా ఉత్త మాంసమే. పల్చటి పొరలుగా తరిగే స్లైసర్ అలా కాదు. పిండి కలిపి రొట్టె ఆకారంలో చేసిన మాంసపు ముద్దలు కూడా దాని మీదే తరుగుతారు, గుండ్రటి బ్లేడు వెనక తునకలు పేరుకుంటాయి. అలాంటివి కావాలంటే ఫ్యాక్టరీలోనే తరిగి మూసిన, లేబుల్ ఉన్న ప్యాకెట్టే కొనండి.

ఇంటికి తెచ్చాక కడిగితే పోతుందన్న ఆశ పెట్టుకోకండి. పిండి తడిసి మాంసం మడతల్లో మరింత అతుక్కుంటుంది. పచ్చి కోడిని కడిగితే క్రిములు గట్టంతా చిందుతాయి.

కీమా ఇంట్లోనే చేసుకుంటే ఈ గొడవంతా తప్పుతుంది. మాంసాన్ని అంగుళం ముక్కలుగా కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, 30 నుంచి 45 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి. అంచులు గట్టిపడాలి, నడిమి భాగం నొక్కితే లొంగాలి. ఒక్కో వాయికి పావు కిలోకు మించకుండా ఫుడ్ ప్రాసెసర్‌లో వేసి, ఒక సెకను తిప్పి ఆపుతూ 10 నుంచి 12 సార్లు తిప్పండి. ఆపకుండా తిప్పితే కొవ్వు వేడెక్కి కీమా జిగురు ముద్దవుతుంది. ఆ జార్‌లో ఎప్పుడైనా గోధుమ పిండి కలిపి ఉంటే మూత రబ్బరు వాషర్ తీసి చూడండి, పిండి దాక్కునేది దాని కిందే. వాషర్ ఊడి రాని జార్ అయితే ఈ పనికి వేరే జార్ పెట్టుకోవడమే నయం.

తిండిలో గ్లూటెన్ ఉందో లేదో చూపే పరీక్ష పట్టీల గురించి ఒక మాట. అవి చెప్పేది మీరు తీసిన ఆ చిన్న నమూనా గురించే. గ్లూటెన్ కీమాలో సమంగా ఉండదు కాబట్టి "లేదు" అని వచ్చినా పక్క ముద్దలో ఉండొచ్చు. మిషన్ గురించి అడగాల్సిన ప్రశ్నలకు బదులుగా వాటిని వాడకండి.

అభ్యాసం: కొట్టులో రెండు మిషన్లున్నాయి. ఒకటి సాసేజ్‌లకు, ఒకటి ఉత్త కీమాకు. రాత్రి రెండిటి భాగాలనూ విప్పి ఒకే తొట్టెలో కలిపి కడుగుతారు. పొద్దున బిగించేటప్పుడు ఏ పళ్ళెం దేనిదో చూసుకోరు. ఇక్కడ కీమా కొంటారా? ఏ రెండు ప్రశ్నలు అడిగితే నిర్ణయం తేలుతుంది? జవాబు రాసి పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది. ఆ పాఠంలో వండి అమ్మే మాంసం సంగతి: కాల్చే ఇనుప జాలీ, వేపే నూనె.