కీచు బీప్ లెక్కపెట్టినా ఈఈజీలో అల రావట్లేదా?

నల్లగొండలో మా ఇంటి పైగదిలో, తమ్ముడి కాలేజీ ప్రాజెక్టు కోసం చిన్న ఈఈజీ బోర్డు (నెత్తి మీద నుంచి మెదడు విద్యుత్ సంకేతాల్ని గీతగా చూపేది) పెట్టుకొని వారం రోజులు కుస్తీ పట్టాం. ప్రయోగం సింపుల్. ఇయర్‌ఫోన్లలో ఒకేరకం బీప్‌లు వస్తుంటాయి, ఎప్పుడో ఒకసారి కీచు బీప్ వస్తుంది, అవెన్నో మనసులో లెక్కపెట్టాలి. కీచు బీప్ వచ్చిన సుమారు 300 మిల్లీసెకండ్లకు నడినెత్తికి కాస్త వెనక పాజిటివ్ అల లేవాలి, అదే పీ300. మాకు లేవలేదు.

గీత దువ్వెన పళ్ళలా ఉంటే

అది 50 హెర్ట్జ్ కరెంటు రొద. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అయినా తగ్గకపోతే తల చూడండి. అమ్మ పొద్దున్నే తమ్ముడి తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టింది, ఇక ఎలక్ట్రోడ్ (సంకేతాన్ని పట్టే బిళ్ల) ఎక్కడ ఆనుతుంది? తలస్నానం చేయించి, పాయ తీసి, జెల్ వేసి పెట్టాక గీత సన్నబడింది.

సగటు తీసినా చదునుగానే ఉంటే

ఒక్క బీప్‌తో అల కనబడదు, కీచు బీప్ వచ్చిన ప్రతిసారీ గీత ముక్క తీసుకొని అన్నిటి సగటు చూడాలి. రెండు రోజులు పోయింది ఇక్కడే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడాం. కంప్యూటర్ బీప్ పంపినట్టు రాసుకున్న క్షణానికీ చెవిలో పడిన క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, అది ఎప్పుడూ ఒకేలా ఉంటే అల పక్కకు జరుగుతుంది అంతే, కానీ ఒక్కోసారి ఒక్కోలా ఉండటంతో అలలు ఒకదాని మీద ఒకటి పడక సగటులో కరిగిపోతాయి. వైరు ఇయర్‌ఫోన్లు పెట్టండి. బీప్‌లు కూడా సరిపడా ఉండాలి: అల కొద్ది మైక్రోవోల్టులే, వెనక రొద పదుల్లో ఉంటుంది, 100 సార్ల సగటు తీస్తే రొద పదో వంతుకు తగ్గుతుంది.

అల మరీ పెద్దదిగా వస్తే

సంబరపడకండి, అది కనురెప్ప కొట్టినందుకు వచ్చింది. 100 మైక్రోవోల్టులు దాటిన ముక్కలు సగటులోంచి తీసేయండి.

100 మిల్లీసెకండ్ల దగ్గర నెగటివ్ అల ఉంది, పీ300 లేదు

అయితే వైర్లు, టైమింగ్ బాగానే ఉన్నాయి. ఆ మొదటి అల ఎన్1, పట్టించుకోని శబ్దానికీ వస్తుంది, శ్రద్ధ పెడితే పెద్దదవుతుంది. 1973లో మెదడు పరిశోధకుడు హిల్యార్డ్ బృందం రెండు చెవుల్లో వేరువేరు శబ్దాలు పెట్టి చూపించింది అదే. ఇక అనుమానాలు రెండే. కీచు బీప్ మరీ తరచుగా వస్తోందేమో, ఐదింటికి ఒకటి మించకుండా చూడండి. లేదా మనిషి లెక్కపెట్టట్లేదు. చివర్లో ఎన్ని వచ్చాయో అడగండి. మేం 40 వినిపిస్తే మావాడు 23 అన్నాడు, అన్నం తిని కూర్చున్నాడు మరి.