సొలిసిటరే ఎగ్జిక్యూటర్ అయితే

ఇంగ్లండ్‌లో వీలునామాకు సొలిసిటరే (లాయరే) ఎగ్జిక్యూటర్, అంటే దాన్ని అమలుచేసే మనిషి అయ్యి, ప్రొబేట్ (ఆ ఆస్తి వ్యవహారాలు చూడ్డానికి కోర్టు ఇచ్చే అధికారం) నెలల తరబడి కదలకపోతే ఊరికే ఫోన్లు చేయకండి. "చూస్తున్నామండీ" తప్ప ఏమీ రాదు, పైగా ఆ కాల్‌కీ బిల్లు వేసి ఎస్టేట్‌లోంచే (పోయినవాళ్ల ఆస్తిలోంచే) తీసుకునేవాళ్లున్నారు. ఈమెయిల్‌లో మూడే అడగండి: ప్రొబేట్ దరఖాస్తు ఏ తేదీన పంపారు, ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్ సంగతి తేలిందా, ఇప్పుడు ఎక్కడ ఆగింది. పనిలో పనిగా పీఏ1ఎస్ ఫారంతో స్టాండింగ్ సెర్చ్ పెట్టుకోండి, అంటే ప్రొబేట్ వచ్చిందేమో ప్రొబేట్ రిజిస్ట్రీ వాళ్లే చూస్తుండే ఏర్పాటు. ఆరు నెలల్లోపు గ్రాంట్ (ప్రొబేట్ పత్రం) వస్తే కాపీ నేరుగా మీకే పంపుతారు.

మనిషి పోయిన ఏడాదిలోపు ఆస్తి పంచమని బలవంతం చేయలేం, ఎగ్జిక్యూటర్‌కి 1925 నాటి అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ ఎస్టేట్స్ చట్టం ఇచ్చిన గడువది. జవాబే ఇవ్వకపోవడం మాత్రం వేరే సంగతి. ఆ ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 8 వారాల్లో తేలకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లండి. వీలునామాలో వాటా ఉన్నవాళ్లూ వెళ్లొచ్చు, ఫీజు లేదు.