రోటరీ ఇంజన్ పట్టుకోవడం లేదా? సెల్ఫ్ ఆపి ముందు ప్లగ్గులు తీయండి

కావలి, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద డీజిల్ ఇంజన్లు చూసుకునే మెకానిక్కులు పనిలో గట్టివాళ్లు. ఇంటి దగ్గర సొంతంగా కట్టుకున్న విమానానికి ఇంజన్ బిగించేటప్పుడు అలాంటివాళ్లు ఒకరు పక్కనుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ వాళ్ల అలవాటు ఒకటి రోటరీకి, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్‌కు, పనికిరాదు. డీజిల్ ఇంజన్ మొరాయిస్తే లైన్లో ఎయిర్ తీసి, పట్టుకునేదాకా తిప్పుతారు. "ఇంకోసారి కొట్టన్నా, పట్టుకుంటాది" అంటారు. ఇంజెక్టర్లున్న రోటరీలో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లోపలికి ఇంకాస్త పెట్రోలు పోతుంది. చిన్న లోపం పెద్దదయ్యేది అక్కడే.

ఇక్కడ చెప్పేదంతా మాజ్దా ఆర్‌ఎక్స్-7 కార్లలో వచ్చిన 13బి ఇంజన్ గురించి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు తోకను నేలలో దిగ్గొట్టిన మేకుకు కట్టండి, చక్రాలకు దిమ్మలు పెట్టండి, మంటలార్పే సిలిండర్‌తో ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. ప్రొపెల్లర్ ముందుగానీ, అది తిరిగే వరసలోగానీ ఎవరూ ఉండకూడదు.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, పెట్రోలు వాసన వస్తోంది, ఇంజన్ మాత్రం పట్టుకోవడం లేదు

పది సార్లలో ఎనిమిది సార్లు ఇది ఫ్లడ్ అవడమే, అంటే లోపల పెట్రోలు ఎక్కువైపోవడమేనని నా నమ్మకం. రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీళ్లు హౌసింగ్ గోడను రాసుకుంటూ తిరుగుతాయి. వేగం అందుకున్నాక గ్యాస్ ఒత్తిడే వాటిని గోడకు నొక్కి పెడుతుంది. సెల్ఫ్ మీద నిమిషానికి 250 చుట్ల దగ్గర అంత ఒత్తిడి ఉండదు. సీలు వెనక స్ప్రింగు, గోడ మీద పల్చటి ఆయిల్ పొర, ఆ రెండే ఆధారం. ఎక్కువైన పెట్రోలు ఆ పొరను కడిగేస్తే కంప్రెషన్ పడిపోతుంది. కంప్రెషన్ లేక మండదు, మండక పెట్రోలు ఇంకా చేరుతుంది.

పంపుకూ ఇంజెక్టర్లకూ వెళ్లే ఫ్యూజులు తీయండి. ఇగ్నిషన్ కాయిళ్ల కనెక్టర్లు కూడా తప్పకుండా ఊడదీయండి. రెండు రోటర్లవీ నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కొన్ని క్షణాల చొప్పున ఆపి ఆపి తిప్పండి. ప్లగ్గుల రంధ్రాల్లోంచి పెట్రోలు తుంపర చిమ్ముతుంది, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. తుంపర ఆగాక ఒక్కో రోటర్‌లోకి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, బ్యాటరీ వైరు తీసి, ప్రొపెల్లర్‌ను చేత్తో రెండు మూడు చుట్లు తిప్పితే సీళ్లకు ఆయిల్ అందుతుంది. ఆరిన ప్లగ్గులు, వీలైతే కొత్తవి బిగించి, తీసినవన్నీ తిరిగి పెట్టి స్టార్ట్ చేయండి. తెల్లగా, నీలంగా పొగ కమ్ముకుంటుంది. పోసిన ఆయిల్ కాలిపోతోందంతే, భయపడొద్దు.

అలా చేసినా పట్టుకోకపోతే

ఒక్కో రోటర్‌కు ఒక్క ప్లగ్గే తీసి, పెట్రోలూ ఇగ్నిషనూ ఆపి, సెల్ఫ్ తిప్పుతూ చెవిపెట్టి వినండి. ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడు దెబ్బలూ ఒకే బలంతో రావాలి. రోటర్‌కు మూడు ముఖాలు కాబట్టి ఆ లెక్క. ఒకటి నీరసంగా వస్తే ఆ వైపు సీలు ఇరుక్కుందనో, విరిగిందనో అర్థం. మామూలు గేజు మూడింట్లో ఎక్కువదాన్నే చూపిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. రోటరీ టెస్టర్ దొరికితే 250 చుట్ల దగ్గర ప్రతి ముఖానికీ చదరపు సెంటీమీటరుకు కనీసం 6 కేజీల ఒత్తిడి రావాలి, ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు.

ఢామ్మని పేలుతోంది, సెల్ఫ్ వెనక్కి తంతోంది

టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, తప్పింది. పిస్టన్ ఇంజన్లకు అలవాటుపడ్డవాళ్లు టీడీసీకి (లోపలి మిశ్రమం పూర్తిగా నొక్కుకుపోయే స్థానానికి) ముందు మార్కు కోసం వెతుకుతారు. 13బి కార్ సెట్టింగులో ఐడిల్ దగ్గర ఒక్కో రోటర్‌కున్న రెండు ప్లగ్గుల్లో ముందు పేలే లీడింగ్ ప్లగ్గు టీడీసీ దాటాక 5 డిగ్రీలకు, తర్వాతి ట్రైలింగ్ 20 డిగ్రీలకు పేలతాయి. ఇంజెక్టర్లు ఊడదీసి, సెల్ఫ్ తిప్పుతూ టైమింగ్ లైటు వేసి పుల్లీ మీద మార్కు చూడండి. మార్కు ఎక్కడెక్కడో కనిపిస్తే ఇంజన్ ఏ స్థానంలో ఉందో చెప్పే క్రాంక్ సెన్సర్ రెండు వైర్లు తారుమారై ఉండొచ్చు. ట్రైలింగ్ వైర్లు ఒక రోటర్‌వి మరో రోటర్‌కు వెళ్లాయేమో కూడా చూసుకోండి.

పట్టుకుంటోంది, వెంటనే చచ్చిపోతోంది

సెల్ఫ్ తిరిగేటప్పుడు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) దగ్గరే వోల్టేజి కొలవండి. బాగా పడిపోతే ఈసీయూ రీసెట్ అవుతుంది. మన తీరంలో ఉప్పుగాలికి ఎర్త్ పాయింట్ల మీద పచ్చగా చిలుం పడుతుంది. విప్పి, గీకి, బిగించండి.

అది బాగుంటే పెట్రోలు వైపు చూడాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దీనికి గాలి నిష్పత్తి, అంటే బరువులో ఒక వంతు పెట్రోలుకు కావాల్సిన గాలి, 14.7 కాదు, సుమారు 13.5. ఈసీయూలో పాత మ్యాప్ (ఎంత పెట్రోలు వదలాలో చెప్పే పట్టిక) పెడితే మిశ్రమం పలచనై ఇంజన్ నిలబడదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం వదిలి వెలుతురుకు పెట్టి చూడండి. అడుగున వేరే పొర, మధ్యలో గీత కనిపిస్తే ఆ ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. రోహిణి కార్తె ఎండల్లో వేడి ఇంజన్ మళ్లీ పట్టుకోకపోతే లైన్లో పెట్రోలు ఆవిరవుతోంది. పంపును ట్యాంకు దగ్గరే కిందికి బిగించి, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ లైన్ వేయండి.

ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవడం లేదు

ప్లగ్గులు తీసి, పెట్రోలు ఆపి, పది సెకన్ల చొప్పున తిప్పి ముల్లు కదిలాకే మొదటి స్టార్ట్. ఇంజన్ పట్టుకున్నాక వెంటనే ప్రెషర్ రాకపోతే ఆపేయాలి, అక్కడ మొహమాటం పనికిరాదు.

ప్రెషర్ బాగుండి, లీకులేవీ లేకపోతే మాత్రం చల్లగా ఉండగా ఆపొద్దు. వీడియో తీసుకోవడానికి అరనిమిషం నడిపి ఆపితే మర్నాటికి అది ఫ్లడ్ అయ్యే ఉంటుంది. నీళ్లు 80 డిగ్రీలకు చేరేదాకా నడపండి. ఆపాక పూర్తిగా చల్లారనిచ్చి కూలెంట్ మట్టం చూడండి, తగ్గితే లోపల గాలి బుడగ వదిలిందన్నమాట. తిరిగి నింపాకే రెండోసారి సెల్ఫ్ కొట్టండి.